కోసుకుంది

నా వంతు వచ్చేదాకా లోపలికి రాకూడదని చెప్పి, బంట్రోతు తలుపు పక్కనున్న బెంచీ చూపించి వెళ్ళిపోయాడు. ఒక సాక్షి చెప్పేది ఇంకో సాక్షి వినకూడదట. వింటే మాటలు జలుబులా అంటుకుంటాయని కాబోలు. ఇక్కడ ఎవరో ఇప్పటిదాకా కూర్చుని లేచినట్టున్నారు, బెంచీ ఇంకా వెచ్చగా ఉంది. తలుపు అవతల బోనులో నిలబడింది నా మరదలు, మా ఆవిడకి సొంత చెల్లెలు. మూడేళ్ళ కిందట మా ప్రెస్సులో కాగితం కోసే మిషన్ కింద ఆమె ఎడమచేతి నాలుగు వేళ్ళు పోయాయి, బొటనవేలొక్కటే మిగిలింది. ఆమె ప్రెస్సు మీద వేసిన దావా ఇది. నేను ప్రెస్సు తరఫు సాక్షిని. ఒకే ఇంట్లోంచి ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వచ్చాం, ఇక్కడికొచ్చాక తను ఆ పక్కకీ నేను ఈ పక్కకీ అయ్యాం. నన్ను పిలిచింది ఒకే ఒక్క పనికి. ప్రమాదాల రిజిస్టరులో ఆ రోజు రాసిన వాక్యం నా చేతిరాతేనని ఒప్పుకోవాలి. రిజిస్టరు రాయడం నా పని కాదు, నేను బైండరుని, కానీ నా రాత గుండ్రంగా ఉంటుందని ప్రెస్సులో ఏది రాయాలన్నా నన్నే పిలుస్తారు. ఆ రోజూ పిలిచారు. తేదీ వేశాను, టైము వేశాను, ఆమె పేరు రాశాను, 'కటింగ్ మిషన్ మీద ఎడమచేతి నాలుగు వేళ్ళు కోసుకుంది' అని రాసి కింద సంతకం పెట్టాను.

కోసుకుంది. ఈ మాట రాయడానికి నాకు ఎంతసేపు పట్టి ఉంటుంది, కలం ఎత్తకుండా రాసి ఉంటాను. అందరూ అనే మాటే కదా. మా ఆవిడ కూర తరుగుతూ వేలు కోసుకుంటుంది. మెట్ల మీద జారిపడినవాణ్ణి కాలు విరగ్గొట్టుకున్నాడంటాం, పాపం వాడేదో పనిగట్టుకుని సుత్తి పెట్టి విరగ్గొట్టుకున్నట్టు. తల బద్దలు కొట్టుకున్నాడంటాం, ఒళ్ళు కాల్చుకుందంటాం, ఏదో ఒకటి నెత్తిమీదకి తెచ్చుకున్నాడంటాం. దెబ్బ తిన్నవాడి చేతే దెబ్బ కొట్టిస్తాం, మాటల్లోనే. వినేవాళ్ళు కూడా అయ్యో అంటారు గాని ఎవరు కోశారని అడగరు. 'తెగాయి' అని రాసి ఉండొచ్చు. అక్షరం కూడా తక్కువ. వేళ్ళు తెగాయి. అప్పుడు ఎలా తెగాయని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. ఇప్పుడు ప్రెస్సు తరఫు లాయరు దగ్గర ఆ పేజీ నకలు ఉంది, ఆ ఒక్క మాట కింద ఎర్ర గీత ఉంది. వాదన అంతా దానిమీదే నిలబెట్టాడట. ఆమె బావే, ఆమె పక్కన పనిచేసినవాడే, గంట తిరక్కముందే, ఎవరూ బలవంతపెట్టకుండా, తన చేత్తో రాశాడు కదా, ఆమే కోసుకుందని.

లోపల ఎవరో టైపు కొడుతున్నారు, ఆగి ఆగి. ఆగినప్పుడల్లా ఆమెని ఏదో అడుగుతున్నారనుకుంటాను, మళ్ళీ మొదలైతే ఆమె ఏదో చెప్పిందనుకుంటాను. ఎదురుగా బీరువా మీద కట్టలు కట్టలుగా కేసు కాగితాలు. కుట్టు ఎంత అన్యాయంగా వేశారు. మూడు చిల్లులు పొడవాల్సిన చోట రెండు పొడిచారు, అంచుకి మరీ దగ్గరగా, నాలుగుసార్లు తిరగేస్తే పేజీ ఊడి వస్తుంది. కాగితానికి వాలు ఉంటుందని, వాలు వెంట మడిస్తే మాట వింటుందని, ఎదురు మడిస్తే పగులుతుందని నా మరదలికి మొదటి రోజే చెప్పాను. అప్పటికి తనకి ఇరవై నిండలేదు. వాళ్ళమ్మ పోయాక మా ఇంటికి వచ్చేసరికి రెండు జడల పిల్ల, వచ్చిన మర్నాటి నుంచే నన్ను 'బావా, నువ్వు' అని పిలిచేది, మా ఆవిడ మందలించినా వినలేదు, బావని అండీ అంటే ఎవరో పెద్దమనిషి ఇంటికొచ్చినట్టుంటుందని నవ్వేది. ప్రెస్సులో చేర్పించింది నేనే. ఆరునెలల్లో నన్ను మించిపోయింది. ఎడమచేతి వేళ్ళతో కాగితాల కట్టని విసనకర్రలా విప్పి అయిదేసి చొప్పున లెక్కపెట్టేది, వందల్లో ఒక్కటి తేడా రాదు. ఏదీ రెండోసారి చూడకుండా వదిలేది కాదు. తాళం వేశాక ఒకసారి లాగి చూసేది, ఒక్కసారే. ఆ ఒక్కసారితో తృప్తి పడేది.

ఆ మిషన్‌కి రెండు బటన్లు. కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి, రెండూ కలిపి నొక్కితేగాని బ్లేడు దిగదు. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే బ్లేడు కింద ఏ చెయ్యీ ఉండదు కదా, అదీ దాని తెలివి. చేసినవాడు పాపం మనిషికి రెండే చేతులనుకున్నాడు. మేము మూడోది తయారుచేశాం. అట్టముక్కని నాలుగు మడతలు వేసి ఎడమ బటన్ సందులో దూర్చితే బటన్ నొక్కుకునే ఉంటుంది. ఇక కుడిచెయ్యి బ్లేడు దించుతుంది, ఎడమచెయ్యి ఖాళీగా ఉండి కట్టని తట్టి సర్దుతూ పోతుంది, పని ఇంచుమించు రెట్టింపు అవుతుంది. ఆ అట్టని మూడో చెయ్యి అనేవాళ్ళం. మూడో చెయ్యి ఉందా, మూడో చెయ్యి తీశావా, అని రోజంతా అదే మాట. గోడ మీద 'బటన్లలో ఏమీ పెట్టరాదు' అని బోర్డు కూడా ఉంది, ఆ బోర్డు అట్టని కోసింది కూడా మూడో చెయ్యి పెట్టే. ఎవరి మడత వాళ్ళది. నాది గట్టి మడత, అంచు గీసి మూల విరిచి పెట్టేవాణ్ణి, మధ్యాహ్నందాకా జారేది కాదు. నా మరదలు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. నేర్పిస్తానంటే, 'నాకెందుకు బావా, ఉన్న రెండూ బాగానే పనిచేస్తున్నాయిగా' అంది. ఈ మాట నాకు అన్నం తింటున్నప్పుడు గుర్తొస్తుంది, గడ్డం గీసుకుంటున్నప్పుడు గుర్తొస్తుంది, ఇప్పుడు ఈ బెంచీ మీద గుర్తొచ్చింది.

మా మేనేజరుని మేము చాటుగా మనంగారు అంటాం. ఆయన నోట్లో ఎప్పుడూ మనమే. మనం రేపటికల్లా ఇవ్వాలి, మనం ఇంకాస్త వేగం పెంచాలి, మనం మూడో చేతుల గురించి పైవాళ్ళ దగ్గర మాట్లాడకూడదు. ప్రమాదం జరిగిన మర్నాడే ఆ మనంలోంచి నా మరదలు బయటికి పోయింది. ఆవిడ నిబంధన పాటించలేదు, ఆవిడ చూసుకోలేదు, అనడం మొదలుపెట్టాడు. నేను మాత్రం మనంలోనే ఉన్నాను. నిన్న కూడా భుజం మీద చెయ్యివేసి మనం రాసిందే మనం చెప్పాలి అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

ఆ రోజు బడి నోటుపుస్తకాల పని. రెండింటిదాకా మిషన్ నాది, రెండింటి నుంచి తనది. మిషన్ వదిలేముందు నా అట్ట నేనే తీసేయడం నా నియమం, అన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. రెండింటికి ఇంకా అయిదు నిమిషాలుందనగా నోటుపుస్తకాల పైఅట్ట రంగు చూడమని మనంగారు పైనుంచి కేకేశాడు. మెట్లెక్కాను. తను చేతులు కడుక్కుని, తుడుచుకుని, తన మిషన్ దగ్గరికి వచ్చి ఉంటుంది. కట్ట కాస్త వంకరగా ఉండి ఉంటుంది, సర్దడానికి ఎడమచెయ్యి పెట్టి ఉంటుంది, ఆనుకోవడానికి కుడిచెయ్యి బటన్ల వైపు వేసి ఉంటుంది, ఒక్క బటన్‌తో ఏమీ కాదని నమ్మకం, తన మిషన్‌లో మూడో చెయ్యి ఉండదని నమ్మకం. ఉంటుంది, ఉంటుంది అంటున్నాను, చూడలేదు కాబట్టి. చూసినంతగా తెలుసు. నాకు కేక వినబడలేదు. 'బావా' అని పిలిచింది, కత్తెర ఎక్కడ పెట్టావని అడిగే గొంతుతో. నేను ఆ పిలుపుకి వెంటనే దిగలేదు కూడా, వస్తున్నా అన్నాను. దిగేసరికి కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకుని కట్టవైపు చూస్తోంది. 'కాగితమంతా పాడైపోయింది బావా' అంది.

తర్వాత అందరూ ఉన్నారు, గుడ్డలు, నీళ్ళు, ఎవరో బండి తెచ్చారు. ఆమెని గేటుదాకా మోసుకెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. బండిలో కూర్చోబెట్టాక వెనక్కి వచ్చాను. చెప్పులకనుకుంటాను, చెప్పులు విడిచి పరిగెత్తాను కదా. మిషన్ దగ్గరికి వెళ్ళి ఎడమ బటన్ సందులోంచి అట్ట తీసి జేబులో వేశాను. మిషన్ వదిలేముందు తీసేయడం నా నియమం, అందుకే తీశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. చెప్పులేసుకున్నాను. అప్పుడే మనంగారు రిజిస్టరు పట్టుకొచ్చాడు. రాసేటప్పుడు అట్ట నా జేబులోనే ఉంది, వంగితే గుండెకి గుచ్చుకుంది. సాయంత్రం తుక్కు కాగితాల మూటలో పడేశాను. ఆ మూటలు గుజ్జుకి పోతాయి. ఈపాటికి మళ్ళీ ఏదో కాగితమై ఎక్కడో ఉంటుంది, ఈ బీరువా మీద ఉన్నా ఉండొచ్చు.

ఆస్పత్రిలో మత్తు దిగాక తను మొదట అడిగింది ఏమైందని. ఆ ఒక్క నిమిషం ఆమెకి గుర్తులేదు, ఇప్పటికీ లేదు, చేతులు తుడుచుకున్నదాకా గుర్తుంది, తర్వాత మెట్ల మీద నేను గుర్తున్నాను. 'మిషన్ మీద చెయ్యి కోసుకున్నావమ్మా' అన్నాను. రాసిన మాటే నోట్లోకి వచ్చింది. కాసేపు కప్పు వైపు చూసి, తొందరపడ్డానా అని అడిగింది. పోనీలే, ఇప్పుడవన్నీ ఎందుకు అన్నాను. ఎంత మంచి బావ. నేను చేసినదానికి ఆమెని క్షమించేశాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ చెల్లెల్ని ఏడుస్తూ తిట్టింది, కాస్త చూసుకోవద్దా, కళ్ళెక్కడ పెట్టుకున్నావని. అక్కల తిట్లు అవి, ముద్దకి ముద్ద కలిపి నోట్లో పెడుతూ తిట్టిన తిట్లు. చూడ్డానికొచ్చినవాళ్ళందరూ అదే మాట, అయ్యో ఎలా కోసుకున్నావమ్మా అని. మొదట్లో గుర్తులేదనేది. కొన్నాళ్ళకి, ఆ రోజు పని ఎక్కువుంది అనేది. ఇంకొన్నాళ్ళకి, నేనసలే కంగారుమనిషినండీ అని నవ్వడం నేర్చుకుంది. ఆ నవ్వు నేను విన్నాను, పక్కగదిలో పేపరు చదువుతూ. కంగారు అంటే ఏమిటో తెలియని పిల్ల. ఇప్పుడు పొయ్యి ఆర్పి గదిలోకి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూసి వచ్చి, మళ్ళీ వెళుతుంది. తాళం లాగి, లాగి, వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి మళ్ళీ లాగుతుంది. ఎవరి చేతిలో గ్లాసు జారినా తనే ముందు అయ్యో, నావల్లే అంటుంది. వేళ్ళు లేకపోవడం అలవాటైపోయింది, పళ్ళతో దారం ఎక్కిస్తుంది, బొటనవేలికీ అరచేతికీ మధ్య పళ్ళెం పట్టుకుంటుంది. ఇదే అలవాటు కాలేదు. దీనికి ఏ కోర్టూ పరిహారం కట్టదు, ఎందుకంటే ఇది దావాలో లేదు.

దావా వేయమన్నది మా ఆవిడ. వాళ్ళ లాయరమ్మ మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. నష్టం జరిగిందన్నది కళ్ళకి కనబడుతోంది, అది చాలదు, తప్పు ఎవరిదో తేలాలి, అప్పుడే ఆ నష్టం ఎవరు మొయ్యాలో తేలుతుంది అంది. ఒక్క చేత్తో బ్లేడు దిగిందంటే సందులో అట్ట ఉండే ఉంటుంది, అది వేరే పనివాడెవరైనా పెట్టి ఉంటే, యజమాని పని చేస్తూ పెట్టాడు కాబట్టి యజమానే జవాబుదారీ. ఆమే పెట్టి ఉంటే, ఆమె తప్పు ఆమె నష్టంలోకే పోతుంది, చేతికి దక్కేది దాదాపు ఏమీ ఉండదు. అప్పుడు నావైపు తిరిగి, మీకేమైనా తెలుసా అని అడిగింది. నేను పైన ఉన్నానండి అన్నాను. అబద్ధమేమీ కాదు. మా ఆవిడ ఆ పూట నాకు రెండోసారి టీ పోసింది.

ఉద్యోగం పోతుందని భయపడ్డాననుకునేవాణ్ణి. అది కాస్త మర్యాదైన భయం, ఎవరికైనా చెప్పుకోవచ్చు. నిజం అది కాదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి తలెత్తి నావైపు చూస్తారు కదా, అదీ నా భయం. ఆ చూపు ఒక్కరోజు వాయిదా వేశాను, తర్వాత ఇంకో రోజు, అలా మూడేళ్ళు. తప్పు చిన్నది, అయిదు నిమిషాలది, దాన్ని నేను పెంచి పోషించాను. ఇవాళ పొద్దున బస్సులో తన పొడుగుచేతుల జాకెట్టు కుడిచేతి బొత్తం ఊడితే పెట్టమని చెయ్యి చాపింది. కుడిచేతి బొత్తం తను పెట్టుకోలేదు, అందరికీ రెండోచెయ్యి చేసే పని అది. పెడుతుంటే, 'లోపల నన్ను ఏమేమి అడుగుతారు బావా' అంది. ఏం జరిగిందో అడుగుతారు, తెలిసింది చెప్పు అన్నాను. అప్పుడే నిశ్చయించుకున్నాను. ఇది మీ చేతిరాతేనా అని అడుగుతారు, అవునంటాను, ఆగకుండా ఆ తర్వాతి వాక్యం కూడా చెప్పేస్తాను. ఇందాకటి నుంచీ ఆ వాక్యమే కూడబలుక్కుంటున్నాను, అది కుదురుగా రావడం లేదు. పొరపాటు జరిగిపోయిందండి, అనిపిస్తుంది, అందులో నేను లేను. అట్ట ఉండిపోయిందండి, అందులోనూ లేను. నావల్ల అయింది, అందులో మూల నక్కి ఉన్నాను. అట్ట పెట్టింది నేనండి. ఇది సరిపోతుంది. అట్ట పెట్టింది నేనండి, తియ్యకుండా వెళ్ళింది నేనండి. ఈ మాట పడితే ఆమె గెలుస్తుంది. మిగతాది నేను పడతాను.

టైపు చప్పుడు ఆగిపోయింది. తలుపు తెరుచుకుని ముందు లాయరమ్మ వచ్చింది, కాగితాలు చంకలో పెట్టుకుని, నన్ను చూసి ఆగింది. గొంతు తగ్గించింది గాని కోపం తగ్గలేదు.

"మీ మరదలు చేతులారా కేసు పాడుచేసుకుందండి."

పాడుచేసుకుంది. ఈవిడ కూడా. అట్ట ఎవరు పెట్టారో గుర్తులేదని చెప్పమన్నాననీ, అదే నిజమనీ, అవతలి లాయరు రెట్టించి అడగ్గానే నేనే పెట్టుకుని ఉంటానండి, ఇంకెవరు పెడతారు అనేసిందనీ చెప్పింది. ప్రమాణం చేసి చెప్పింది, టైపు అయిపోయింది, చదివి వినిపించారు, సంతకం కూడా పెట్టింది. ఇక ఇప్పుడు మీరు లోపలికెళ్ళి ఏం చెప్పినా మరదల్ని కాపాడుకోవడానికి చెప్పారంటారు, అని గుమాస్తాని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. నా నోట్లో ఆ వాక్యం అలాగే ఉంది.

తర్వాత తను వచ్చింది. ఎడమచెయ్యి కొంగులో చుట్టుకుని నా పక్కన కూర్చుంది. చెమట పట్టింది గాని మొహం తేలిగ్గా ఉంది, పరీక్ష రాసి వచ్చినట్టు.

"ఆవిడకి కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి బావా? నేనే కోసుకున్నాను, నువ్వు కూడా అలాగే రాశావు. అంతే కదా జరిగింది?"

అవును అంటే సరిపోయేది. ఆమె అడిగింది ఆ ఒక్క మాటే, అలవాటైన మాట, నేను తల ఊపినా చాలు.

"కాదమ్మా. అట్ట పెట్టింది నేను. తియ్యకుండా పైకి వెళ్ళాను. నిన్ను బండి ఎక్కించాక తీసి దాచాను."

నావైపు చూడలేదు. నేను మూడేళ్ళు భయపడిన చూపు అసలు రాలేదు. కొంగు విప్పి చెయ్యి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది, ఎవరిదో చెయ్యి అప్పగిస్తే పట్టుకున్నట్టు. నాతో కాదు, ఆ చేతితోనే అంది.

"మూడేళ్ళ నుంచి నన్ను నేను తిట్టుకుంటున్నాను."

లోపల్నుంచి బంట్రోతు నా పేరు పిలిచాడు. రెండోసారి పిలిచాడు. నేను దాటి వెళ్ళడానికి వీలుగా తను మోకాళ్ళు పక్కకి జరుపుకుంది.

"పిలుస్తున్నారు, వెళ్ళండి" అంది.

ఇన్నేళ్ళలో ఆమె నన్ను అండీ అనడం అదే మొదటిసారి.